‘గూగుల్‌తో లాగిన్’ నొక్కితే తెర వెనక ఏం జరుగుతుంది? ఆ బటన్‌తో సొంతంగా చిన్న వెబ్ యాప్ కట్టాలంటే ఏం తెలిసుండాలి?

కొత్త యాప్ ఏది తెరిచినా ముందు కనిపించే పేజీ దాదాపు ఒకటే. పైన ఈమెయిల్, పాస్‌వర్డ్ గడులు. వాటి కింద ‘కంటిన్యూ విత్ గూగుల్’, ‘కంటిన్యూ విత్ ఫేస్‌బుక్’ బటన్లు. ఐఫోన్ అయితే ‘సైన్ ఇన్ విత్ యాపిల్’ కూడా. పై గడులు నింపే ఓపిక ఎవరికుంటుంది? కింది బటన్ నొక్కేస్తాం. రెండు సెకన్లలో లోపలికి వెళ్లిపోతాం.

ఆ రెండు సెకన్లలో మూడు పక్షాల మధ్య ఒక చిన్న ఒప్పందం కుదురుతుంది. మీరు ఒక పక్షం, ఆ యాప్ రెండోది, గూగుల్ మూడోది. ఉద్యోగ దరఖాస్తులు, కోచింగ్ క్లాసులు, ఆస్పత్రి అపాయింట్‌మెంట్లు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలు... ఇవన్నీ ఇప్పుడు ఆ ఒప్పందం మీదే నడుస్తున్నాయి. ప్రభుత్వ పోర్టళ్లలో డిజీలాకర్ లాగిన్ పనిచేసేదీ ఇదే పద్ధతిలో.

అందుకే ఇది ఇంజనీర్లకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. బటన్ నొక్కేవాళ్లకు ఎంత అవసరమో, కాలనీ కోసమో కాలేజీ ఫెస్ట్ కోసమో చిన్న వెబ్ యాప్ తయారుచేసే వాళ్లకూ అంతే అవసరం.

పాస్‌వర్డ్ ఆ యాప్‌కు వెళ్తుందా?

వెళ్లదు. చాలామందికి ఉండే మొదటి అనుమానం ఇదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాం. మీ గూగుల్ పాస్‌వర్డ్ గూగుల్ పేజీలోనే టైప్ చేస్తారు. ఆ యాప్‌కు అది ఎప్పటికీ కనిపించదు.

మరి మీరే మీరని యాప్‌కు ఎలా తెలుస్తుంది? ఆర్టీసీ స్టూడెంట్ బస్ పాస్ గుర్తు చేసుకోండి. కౌంటర్లో ఉన్న ఉద్యోగికి మీరెవరో తెలియదు. ‘మీ స్కూల్ నుంచి బోనఫైడ్ తెండి’ అంటాడు. స్కూల్‌కు మీరు తెలుసు. ‘ఈ విద్యార్థి మా దగ్గరే చదువుతున్నాడు, బస్ పాస్ నిమిత్తం ఇస్తున్నాం’ అని రాసి, సంతకం పెట్టి, స్టాంపు వేసి ఇస్తుంది. కౌంటర్ ఆ సంతకాన్ని నమ్ముతుంది.

సోషల్ లాగిన్ అంటే ఇంతే. యాప్ కౌంటర్, గూగుల్ స్కూల్. బటన్ నొక్కగానే యాప్ మిమ్మల్ని గూగుల్ దగ్గరికి పంపుతుంది. గూగుల్ మిమ్మల్ని గుర్తుపట్టి, యాప్ అడిగిన వివరాలు ఇవ్వడానికి మీరు ఒప్పుకుంటే, సంతకం చేసిన ఒక డిజిటల్ కాగితం ఇచ్చి వెనక్కి పంపుతుంది. సాంకేతికంగా దాని పేరు ఐడీ టోకెన్. ఎవరు జారీ చేశారు, ఎవరి గురించి, ఏ యాప్ కోసం, ఎప్పటిదాకా చెల్లుతుంది అన్న నాలుగు సంగతులూ అందులో ఉంటాయి. బస్ పాస్ కోసం ఇచ్చిన బోనఫైడ్‌ను బ్యాంకు లోన్‌కు వాడుకోనివ్వరు కదా. అలాగే ఒక యాప్ కోసం ఇచ్చిన టోకెన్‌ను ఇంకో యాప్ ఒప్పుకోకూడదు.

ఈ వ్యవహారానికి రెండు ప్రమాణాలు ఉన్నాయి. మొదటిది ఓఆథ్ 2.0, 2012 అక్టోబర్‌లో వచ్చింది. ఇది అనుమతికి సంబంధించింది, అంటే ‘ఈ యాప్ నా క్యాలెండర్ చూడొచ్చు’ లాంటిది. రెండోది ఓపెన్‌ఐడీ కనెక్ట్, 2014 ఫిబ్రవరిలో ఖరారైంది. ఓఆథ్ మీదే కట్టిన ఈ పొర మీరెవరో చెబుతుంది.

ఈ రెండింటి తేడా తెలిస్తే సగం చిక్కులు విడిపోతాయి. పక్కింటాయనకు ‘నేను ఫలానా ఫ్లాట్‌లో ఉంటాను’ అని చెప్పడం వేరు. ఊరెళ్తూ ఆయన చేతికి ఇంటి తాళాల గుత్తి ఇవ్వడం వేరు. ఒకే రకం పేజీలో, ఒకే ‘అలో’ బటన్‌తో ఈ రెండు పనులూ జరిగిపోతాయి. చిక్కంతా అక్కడే.

ఒక కాలనీ యాప్ కట్టి చూద్దాం

120 ఫ్లాట్లున్న ఒక అపార్ట్‌మెంట్ అనుకుందాం. లిఫ్ట్ ఆగిపోయింది, మంజీరా నీళ్లు రాలేదు, ట్యాంకర్ ఎప్పుడొస్తుంది... ఇవన్నీ వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల మధ్య కొట్టుకుపోతున్నాయి. ఫిర్యాదు నమోదు చేసి, ఎవరు చూశారో, ఎప్పుడు పూర్తయిందో చూపించే చిన్న వెబ్ యాప్ ఉంటే బాగుంటుందని అసోసియేషన్‌లో ఎవరో అన్నారు. కోడింగ్ వచ్చిన కుర్రాడు ఒకరు ముందుకొచ్చాడు.

అతనికి ఎదురయ్యే మొదటి ప్రశ్న లాగిన్ ఎలా అన్నదే. సొంతంగా పాస్‌వర్డ్‌లు పెడితే వాటిని భద్రంగా దాచాలి, మర్చిపోయిన వాళ్లకు మార్చివ్వాలి. 120 ఇళ్లలో వారానికి పదిమంది మర్చిపోతారు. పోనీ మొబైల్ ఓటీపీ పెడదామంటే ప్రతి ఎస్ఎంఎస్‌కూ డబ్బు కట్టాలి. పైగా మన దేశంలో ఇలాంటి మెసేజ్‌లు పంపాలంటే ట్రాయ్ నిబంధనల ప్రకారం టెలికాం కంపెనీల డీఎల్‌టీ వేదికలో పంపే సంస్థ పేరు, మెసేజ్ నమూనా నమోదు అయి ఉండాలి. కాలనీ యాప్‌కు అంత తతంగం ఎవరు చేస్తారు? గూగుల్ లాగిన్‌కు ఈ రెండు తలనొప్పులూ లేవు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ ఖాతా ముందే ఉంటుంది. చిన్న యాప్‌లు అటే మొగ్గడానికి అసలు కారణం ఇది.

పని గూగుల్ క్లౌడ్ కన్సోల్‌లో మొదలవుతుంది. అక్కడ ఒక ప్రాజెక్ట్ తెరిచి, లాగిన్ సమయంలో జనానికి కనిపించే అనుమతి పేజీ వివరాలు నింపాలి. యాప్ పేరు, సంప్రదించాల్సిన ఈమెయిల్, ప్రైవసీ పాలసీ లింకు లాంటివి. యాప్‌ను పరీక్ష దశలోనే ఉంచితే మీరు జాబితాలో చేర్చిన వాళ్లకే, అదీ గరిష్ఠంగా 100 మందికే పరిమితం. 120 ఫ్లాట్లకు అది చాలదు కాబట్టి ‘ప్రొడక్షన్’లోకి మార్చుకోవాలి. పేరు, ఈమెయిల్, ఫొటో వరకే అడిగే యాప్‌కు ఇది పెద్ద పని కాదు. జీమెయిల్ చదవడం, డ్రైవ్ ఫైళ్లు చూడటం లాంటి సున్నితమైన అనుమతులు అడిగితేనే గూగుల్ నుంచి కఠినమైన పరిశీలన ఉంటుంది.

ఆ తర్వాత గూగుల్ రెండు గుర్తులు ఇస్తుంది. క్లయింట్ ఐడీ అనేది యాప్ పేరు పలక లాంటిది. ఎవరు చూసినా ఫర్వాలేదు. క్లయింట్ సీక్రెట్ మాత్రం యాప్ తాళం చెవి. అది సర్వర్‌లోనే ఉండాలి. బ్రౌజర్‌కు వెళ్లే జావాస్క్రిప్ట్‌లో పెట్టకూడదు, గిట్‌హబ్‌లో అందరికీ కనిపించే కోడ్‌లో అసలే పెట్టకూడదు. అలా బయటపడే తాళాల కోసం గిట్‌హబ్‌ను జల్లెడ పట్టే ప్రోగ్రాములు రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటాయి.

కన్సోల్‌లో నింపాల్సిన ఇంకో గడి ‘రీడైరెక్ట్ యూఆర్ఐ’. లాగిన్ అయ్యాక మనిషిని ఏ చిరునామాకు తిప్పి పంపాలో అక్కడ చెప్పాలి. గూగుల్ అక్షరం పొల్లుపోకుండా పోల్చి చూస్తుంది. చివర ఒక గీత ఎక్కువైనా లాగిన్ ఆగిపోయి ‘రీడైరెక్ట్ యూఆర్ఐ మిస్‌మ్యాచ్’ అన్న ఎర్రర్ వస్తుంది. మొదటిసారి చేసేవాళ్లు చాలామంది ఇక్కడే ఒక సాయంత్రం పోగొట్టుకుంటారు. సొంత కంప్యూటర్లో పరీక్షించేటప్పుడు లోకల్‌హోస్ట్‌కు మినహాయింపు ఉంది కానీ, జనానికి ఇచ్చే వెబ్‌సైట్‌కు హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి.

ఇక బటన్ నొక్కినప్పటి వరుస చూద్దాం. యాప్ మిమ్మల్ని గూగుల్ చిరునామాకు పంపుతుంది. పంపేటప్పుడు తన క్లయింట్ ఐడీ, తిరిగి రావాల్సిన చిరునామా, కావలసిన అనుమతులు, వీటితో పాటు ‘స్టేట్’ అనే ఒక యాదృచ్ఛిక గుర్తు జతచేస్తుంది. మీరు గూగుల్ పేజీలో ఖాతా ఎంచుకుంటారు. గూగుల్ మిమ్మల్ని యాప్‌కు తిప్పి పంపుతూ, ఒక్కసారే చెల్లే చిన్న కోడ్ చేతికిస్తుంది. యాప్ సర్వర్ ఆ కోడ్‌నూ తన సీక్రెట్‌నూ నేరుగా గూగుల్ సర్వర్‌కు చూపించి, బదులుగా టోకెన్ తెచ్చుకుంటుంది.

టోకెన్ నేరుగా ఇవ్వకుండా మధ్యలో ఈ కోడ్ ఎందుకు? బ్రౌజర్ అడ్రస్ బార్‌లో కనిపించేది ఏదైనా హిస్టరీలో మిగిలిపోవచ్చు, ఇంకెవరి కంటైనా పడొచ్చు. కోడ్ ఒక్కటే దొరికినా సీక్రెట్ లేనివాడికి దానితో పని జరగదు. సీక్రెట్ దాచుకునే చోటు లేని మొబైల్ యాప్‌ల కోసం 2015లో ‘పిక్సీ’ అని పలికే మరో కవచం వచ్చింది. లాగిన్ మొదలుపెట్టిన యాపే ఆ కోడ్‌ను మార్చుకుంటోందని అది నిర్ధారిస్తుంది. ఇప్పుడు వెబ్ యాప్‌లకూ దాన్ని వాడమనే నిపుణులు చెబుతున్నారు.

తిరిగొచ్చిన ‘స్టేట్’ గుర్తు, తాము పంపిందీ ఒకటేనా అని యాప్ సరిచూసుకోవాలి. ఇది వదిలేస్తే వేరొకడు తన లాగిన్ కోడ్ ఉన్న లింకును మీతో నొక్కించి, మీకు తెలియకుండానే మిమ్మల్ని వాడి ఖాతాలో కూర్చోబెట్టగలడు. తర్వాత మీరు నింపే వివరాలన్నీ వాడి ఖాతాలో చేరతాయి.

ఇవన్నీ మొదటినుంచీ రాసుకోనక్కర్లేదు. గూగుల్ ఇచ్చే రెడీమేడ్ బటన్ ఉంది. ఫైర్‌బేస్ లాంటి సేవలు మొత్తం లాగిన్ పనిని తమ నెత్తిన వేసుకుంటాయి. వాడుకలో ఉన్న ప్రతి ప్రోగ్రామింగ్ భాషకూ పరీక్షకు నిలిచిన లైబ్రరీలు దొరుకుతాయి. చిన్న యాప్‌కు వాటినే వాడటం మంచిది. సొంతంగా రాయాలన్న సరదా నేర్చుకోవడానికి బాగుంటుంది, 120 కుటుంబాల వివరాలతో కాదు.

లాగిన్ అయ్యాడు సరే, ఫ్లాట్ వాసేనా?

రెడీమేడ్ బటన్ తీర్చలేని ప్రశ్న ఇది. కొత్తగా యాప్ కట్టేవాళ్లు ఎక్కువగా పొరబడేదీ ఇక్కడే. గూగుల్ చెప్పేది ఒక్కటే: ‘ఈ మనిషి ఫలానా గూగుల్ ఖాతా యజమాని.’ అతను మీ అపార్ట్‌మెంట్‌లో ఉంటాడో లేదో గూగుల్‌కు తెలియదు. ఆ పేరు నిజమైనదన్న హామీ కూడా లేదు. ఖాతా తెరిచినప్పుడు ఏం టైప్ చేస్తే అదే పేరు. గూగుల్ లాగిన్ పెట్టేశాం కాబట్టి భద్రం అనుకుంటే, ప్రపంచంలో జీమెయిల్ ఉన్న ఎవరైనా మీ ఫిర్యాదుల పుస్తకం తెరిచి, ఏ ఫ్లాట్ వాళ్లు ఊళ్లో లేరో చదువుకోవచ్చు.

కాబట్టి అసోసియేషన్ దగ్గర ఆమోదించిన సభ్యుల జాబితా ఉండాలి. కార్యదర్శి ఫ్లాట్ నంబరుకు ఎదురుగా ఈమెయిల్ నమోదు చేస్తారు. మొదటిసారి లాగిన్ అయినప్పుడు గూగుల్ ధ్రువీకరించిన ఈమెయిల్ ఆ జాబితాలో ఉంటేనే లోపలికి పంపాలి. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లినప్పుడు పేరు తీసేసే బాధ్యత కూడా ఎవరో ఒకరిది కావాలి. ఇందులో సాంకేతికత ఏమీ లేదు, కానీ అసలు భద్రత అక్కడే ఉంది.

మొదటిసారి పోల్చాక ఈమెయిల్‌ను పక్కన పెట్టేయాలి. టోకెన్‌లో ‘సబ్’ అనే గడి ఉంటుంది. ఆ ఖాతాకు మాత్రమే చెందిన, ఎప్పటికీ మారని గుర్తు అది. డేటాబేస్‌లో మనిషిని ఆ గుర్తుతోనే గుర్తించమని గూగుల్ స్వయంగా డెవలపర్లకు చెబుతుంది. ఎందుకంటే ఈమెయిల్ చేతులు మారొచ్చు. ఒక చిన్న కంపెనీ మూతపడి, దాని డొమైన్‌ను ఇంకెవరో కొనుక్కుంటే, పాత ఉద్యోగుల ఈమెయిల్ చిరునామాలన్నీ మళ్లీ సృష్టించుకోగలరు. ఈమెయిల్‌ను మాత్రమే చూసే యాప్ వాళ్లను పాత ఉద్యోగులుగానే భావించి తలుపు తీస్తుంది.

ఫేస్‌బుక్ లాగిన్ కూడా పెడితే ఇంకో మెలిక ఉంది. మొబైల్ నంబరుతో ఫేస్‌బుక్ తెరిచినవాళ్లు మన దగ్గర చాలామంది. వాళ్ల ఖాతాలో ఈమెయిలే ఉండకపోవచ్చు. ఈమెయిల్ వస్తుందని నమ్మి రాసిన కోడ్ అక్కడ ఆగిపోతుంది. అదీగాక వినియోగదారు తన వివరాలు తొలగించమని అడిగే దారి చూపించమని ఫేస్‌బుక్ ప్రతి యాప్‌నూ అడుగుతుంది. యాపిల్ లాగిన్ వాడేవాళ్లు అసలు ఈమెయిల్ దాచి, యాపిల్ సృష్టించిన మారు చిరునామా ఇవ్వవచ్చు. 2019లో ప్రకటించినప్పటి నుంచీ ఉన్న సదుపాయం ఇది. వినియోగదారుకు మంచిదే. జాబితాలో ఈమెయిల్ పోల్చుకునే కాలనీ యాప్‌కు మాత్రం కుదరదు.

గూగుల్ ఖాతా లేని పెద్దవాళ్లు, ఉన్నా అది మనవడు తెరిచిపెట్టిందని మాత్రమే తెలిసినవాళ్లు ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. వాళ్ల ఫిర్యాదును వాచ్‌మన్ దగ్గరో ఆఫీసులోనో నమోదు చేసే వీలు లేకపోతే ఆ యాప్ అందరిదీ కాదు.

అనుమతి పేజీలో ఏం చదవాలి?

ఇప్పుడు బటన్ నొక్కే వైపుకు వద్దాం. పేరు, ఈమెయిల్, ఫొటో మాత్రమే అడిగితే అది గుర్తింపు వరకే. ‘మీ ఈమెయిళ్లు చదవడానికి, పంపడానికి, తొలగించడానికి’, ‘కాంటాక్ట్‌లు చూడటానికి’, ‘డ్రైవ్ ఫైళ్లు’ అన్న మాటలు కనిపిస్తే అక్కడ తాళాల గుత్తి అడుగుతున్నట్టు. ఫొటో ఎడిట్ చేసే యాప్‌కు మీ కాంటాక్ట్‌లతో పనేంటి?

2017 మే 3న ఇదే జరిగింది. తెలిసినవాళ్ల నుంచి ‘గూగుల్ డాక్స్’ ఫైల్ వచ్చినట్టు మెయిల్. నొక్కితే నిజమైన గూగుల్ పేజీయే తెరుచుకుంది. కానీ అనుమతి అడుగుతున్నది గూగుల్ కాదు, ‘గూగుల్ డాక్స్’ అని పేరు పెట్టుకున్న నకిలీ యాప్. ‘అలో’ నొక్కినవాళ్ల కాంటాక్ట్‌లందరికీ అదే మెయిల్ వెళ్లిపోయింది. గంటలోపే ఆపేశామని, తమ వినియోగదారుల్లో 0.1 శాతం కంటే తక్కువ మంది మీదే ప్రభావం పడిందని గూగుల్ చెప్పింది. జీమెయిల్ వాడేవాళ్ల సంఖ్యతో చూస్తే ఆ కొంచెమే దాదాపు 10 లక్షల మంది. అక్కడ ఎవరి పాస్‌వర్డూ దొంగతనానికి గురికాలేదు. అక్కడ చేయాల్సింది ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవడమే.

అంతకన్నా పెద్దది కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారం. వ్యక్తిత్వ క్విజ్ యాప్ ఒకటి ఫేస్‌బుక్ లాగిన్‌తో నడిచింది. ఆడినవాళ్ల వివరాలతో పాటు వాళ్ల స్నేహితుల వివరాలూ అప్పటి నిబంధనల ప్రకారం ఆ యాప్‌కు వెళ్లాయి. 2018లో విషయం బయటపడ్డాక ఫేస్‌బుక్ ఇచ్చిన అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా 8.7 కోట్ల మంది సమాచారం ఇలా చేరి ఉండొచ్చు. మన దేశంలో ఆ యాప్‌ను వాడింది 335 మంది. ప్రభావం పడే అవకాశం ఉన్నవాళ్లు 5,62,455 మంది. ఒక్కరు ‘ఓకే’ నొక్కితే ఎంతమంది లెక్కలోకి వచ్చారో ఆ రెండు అంకెలే చెబుతాయి. స్నేహితుల వివరాలు ఇచ్చే ఆ దారిని ఫేస్‌బుక్ అంతకుముందే మూసేసింది, కానీ అప్పటికే వెళ్లిన సమాచారం వెళ్లిపోయింది.

పేజీ నిజమైనదో కాదో చూసుకోవడం ఇంకో జాగ్రత్త. గూగుల్ పాస్‌వర్డ్ అడిగే పేజీ చిరునామా ‘అకౌంట్స్ డాట్ గూగుల్ డాట్ కామ్’ అయి ఉండాలి. ఫోన్లో ఖాతా ముందే ఉంటే మామూలుగా పాస్‌వర్డ్ అడగకుండా ఖాతా ఎంచుకోమంటుంది. అకస్మాత్తుగా అడిగితే ఒకసారి అడ్రస్ బార్ చూడండి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి యాప్‌ల లోపలే తెరుచుకునే చిన్న బ్రౌజర్లలో లాగిన్‌ను గూగుల్ అడ్డుకుంటుంది. ఎందుకంటే టైప్ చేసేదాన్ని ఆ యాప్ చూడగలదు. అలా ఎర్రర్ వస్తే మూడు చుక్కల మెనూ నొక్కి క్రోమ్‌లో తెరిస్తే పనైపోతుంది.

ఒక్క తాళం పోతే ఎన్ని తలుపులు?

సౌకర్యానికి కట్టే ధర ఇది. 2020 డిసెంబర్ 14న గూగుల్ ఖాతాలను గుర్తించే వ్యవస్థ ముప్పావుగంట సేపు ఆగిపోయింది. జీమెయిల్, యూట్యూబ్‌తో పాటు గూగుల్ లాగిన్ మీద ఆధారపడ్డ బయటి సైట్లూ తలుపులు మూసుకున్నాయి. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు పడిపోయినప్పుడు ఫేస్‌బుక్ లాగిన్‌దీ అదే పరిస్థితి. అంతకుముందు 2018 సెప్టెంబర్‌లో ఫేస్‌బుక్‌లోని ‘వ్యూ యాజ్’ అనే సదుపాయంలో ఉన్న లోపంతో దుండగులు యాక్సెస్ టోకెన్లు ఎత్తుకెళ్లారు. మొదట 5 కోట్ల ఖాతాలన్నారు, తర్వాత లెక్క 3 కోట్లకు తగ్గింది.

ఇవి పెద్ద కంపెనీల కథలు. మన దగ్గర రోజూ జరిగేవి ఇంకాస్త చిన్నవి, కానీ మనిషికి నొప్పి ఎక్కువ. డిగ్రీ అయిపోయిన కుర్రాడు నెట్ సెంటర్‌కు వెళ్లి ఉద్యోగ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టిస్తాడు. అక్కడివాళ్లు పని త్వరగా కావాలని తమ జీమెయిల్‌తోనే లాగిన్ చేసేస్తారు, లేదా కొత్త ఖాతా తెరిచి రికవరీ నంబరుగా తమ నంబరే ఇస్తారు. ఆరు నెలల తర్వాత ఇంటర్వ్యూ పిలుపు ఎవరి ఇన్‌బాక్స్‌లో పడుతుంది? స్కాలర్‌షిప్, అడ్మిషన్ దరఖాస్తుల్లోనూ ఇదే తీరు. మీ పేరుతో పెట్టే ఏ దరఖాస్తుకైనా ఖాతా మీది, రికవరీ నంబరు మీది అయి ఉండాలని పట్టుబట్టండి. పది నిమిషాలు ఆలస్యమైతే అవుతుంది.

నెట్ సెంటర్‌లో ఇంకో సంగతి. సైట్‌లో లాగౌట్ నొక్కితే ఆ సైట్ నుంచి మాత్రమే బయటికొస్తారు. ఆ కంప్యూటర్లో మీ గూగుల్ ఖాతా తెరిచే ఉంటుంది. తర్వాత కూర్చున్నవాడు అదే బటన్ నొక్కితే మీలాగే లోపలికి వెళ్తాడు. గూగుల్ నుంచీ విడిగా సైన్ అవుట్ కావాలి. మొదటినుంచీ ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి, చివర్లో దాన్ని మూసేయడం ఇంకా నయం.

ఆఫీసు ఈమెయిల్‌తో సొంత పనుల యాప్‌లలోకి వెళ్లేవాళ్లకు ఉద్యోగం మానేసిన రోజే ఆ ఖాతా మూతపడుతుంది. వాడకుండా వదిలేసిన పాత జీమెయిల్ సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. రెండేళ్ల పాటు ముట్టుకోని వ్యక్తిగత ఖాతాలను తొలగిస్తామని 2023 మేలో గూగుల్ ప్రకటించింది, ఆ డిసెంబర్ నుంచి అమలు మొదలైంది. ఆ ఖాతాతో లాగిన్ అయ్యే సైట్లన్నీ దానితో పాటే చేయిజారతాయి.

ప్రభుత్వ పోర్టళ్లలో గూగుల్ ఎందుకు సరిపోదు?

జీమెయిల్ ఒక మెయిల్‌బాక్స్ మీదని చెబుతుంది, అంతే. పింఛనుకో, డ్రైవింగ్ లైసెన్స్‌కో ప్రభుత్వానికి అది చాలదు. అందుకే ఇదే పద్ధతిలో సొంత ఏర్పాటు చేసుకుంది. 2015లో వచ్చిన డిజీలాకర్ పత్రాల అల్మారా మాత్రమే కాదు, లాగిన్ ఇచ్చే స్కూల్ పాత్ర కూడా పోషిస్తుంది. 2022లో ‘మేరీ పహచాన్’ పేరుతో ఒకే లాగిన్ వ్యవస్థ వచ్చింది. డిజీలాకర్, ఈ-ప్రమాణ్, జన్ పరిచయ్ అనే మూడు గుర్తింపులు దాని కింద ఉన్నాయి. విద్యార్థుల క్రెడిట్లు దాచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లోకి వెళ్లేది ఈ దారిలోనే.

లోపల నడిచేది అదే ఓఆథ్. మిమ్మల్ని డిజీలాకర్‌కు పంపుతుంది, మీరు ఒప్పుకున్నాక కోడ్‌తో వెనక్కి పంపుతుంది. తేడా ఏమిటంటే ఇక్కడ తలుపు వెనక ఉన్నవి ఆధార్‌తో ముడిపడిన వివరాలు, మార్కుల మెమోలు, లైసెన్స్. కాబట్టి అనుమతి పేజీలో ఏయే పత్రాలకు టిక్ పడి ఉందో చూసి, అవసరం లేనివి తీసేశాకే ముందుకు వెళ్లండి. డిజీలాకర్ సెక్యూరిటీ పిన్ నెట్ సెంటర్‌లో కాగితం మీద రాసిచ్చే వస్తువు కాదు.

చట్టం ఏమంటోంది?

డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. కంపెనీల మీద పడే ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. అందులో సోషల్ లాగిన్‌కు నేరుగా తగిలేవి కొన్ని ఉన్నాయి. అనుమతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంత తేలిగ్గా ఉండాలి. ఏ సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును ఇంగ్లిష్‌లో గానీ ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషల్లో గానీ చదువుకునే అవకాశం ఇవ్వాలి, అంటే తెలుగులోనూ అడగొచ్చు. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. భద్రతా చర్యలు తీసుకోకపోతే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉండొచ్చు.

పాత లాగిన్‌లు ఎలా తీసేయాలి?

గూగుల్ ఖాతా సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ విభాగం తెరిస్తే, మీ ఖాతాకు ముడిపడిన బయటి యాప్‌లు, సర్వీసుల జాబితా ఉంటుంది. ఫేస్‌బుక్‌లో సెట్టింగ్స్ కింద ‘యాప్స్ అండ్ వెబ్‌సైట్స్’. ఐఫోన్‌లో సెట్టింగ్స్ పైన ఉండే మీ పేరు నొక్కితే లోపల ‘సైన్ ఇన్ విత్ యాపిల్’. ఎప్పుడో ఒక్కసారి ఆడిన ఆట, ఒక్కసారి భోజనం తెప్పించుకున్న యాప్, మూతపడిన స్టార్టప్... ఏళ్ల తరబడి ఖాతా వాడుతున్నవాళ్లకు ఆ జాబితా ఆశ్చర్యం కలిగిస్తుంది. ముందుగా మెయిల్, డ్రైవ్, కాంటాక్ట్‌ల అనుమతి ఉన్నవాటిని చూడండి.

అయితే తొలగించే ముందు రెండు సంగతులు. ఇక్కడ తీసేస్తే ఇకమీదట కొత్త సమాచారం వెళ్లదు కానీ, ఆ యాప్ దగ్గర ఇప్పటికే ఉన్నది అక్కడే ఉంటుంది. అది పోవాలంటే ఆ యాప్‌లోకి వెళ్లి ఖాతా డిలీట్ చేయాలి, కాబట్టి ముందు ఆ పని చేసి తర్వాత ఇక్కడ తెంచండి. వరుస తిరగేస్తే యాప్‌లోకి వెళ్లడానికి మళ్లీ అనుమతి ఇవ్వాల్సి వస్తుంది. రెండోది, ఇంకా కావాల్సిన ఖాతా అయితే తెంచే ముందు ఆ యాప్‌లోనే ఈమెయిల్, పాస్‌వర్డ్ లేదా మొబైల్ నంబరుతో లాగిన్ అయ్యే రెండో దారి పెట్టుకోండి. మీకు తెలియని యాప్ కనిపించి, ఖాతాలో నుంచి మెయిళ్లు వెళ్లినట్టో డబ్బు పోయినట్టో తేలితే, అనుమతి తీసేసి, పాస్‌వర్డ్ మార్చి, 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. ఆ జాబితా తొలగించడానికి ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే ఫిర్యాదులో పనికొస్తుంది.